ఒర్సొలా ఎంచుకున్న పార

శనివారం సాయంత్రం. నేపుల్స్‌లో ఒక పిజ్జా అంగడి బయట జనం గోడ వారగా బారు కట్టారు. లోపల కట్టెల పొయ్యి ఎర్రగా కాగి ఉంది. సరిగ్గా ఆ వేళకే, పొయ్యి దగ్గర నిలబడే పనివాడు కతెల్లోకి నడుం పట్టేసింది. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని అతన్ని ఇంటికి దిగబెట్టారు. యజమాని చిన్న కొడుకు సబాతీనో ఎవరిదో పెళ్ళికని బెనెవెంతో అనే ఊరు వెళ్ళాడు. పెద్ద కొడుకు అనియెల్లోకి సెగ తగిలితే కళ్ళ వెంట నీళ్ళు కారతాయి, పొయ్యి నోట్లోకి తేరిపార చూడలేడు. యజమాని ముసలాయన మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. అప్పుడు అనియెల్లో భార్య ఒర్సొలా చేతులకంటిన పిండి దులుపుకుని ముందుకొచ్చింది.

"నేను కాలుస్తాను మామయ్యా" అంది.

ముసలాయన ఆమెకేసి చూడలేదు. ఆమె భుజం మీదుగా వీధిలోకి చూశాడు. ఈ పూటకి లేదని జనానికి చెప్పి, షట్టరు కిందికి లాగేశాడు.

మర్నాడు పొద్దున ఒర్సొలా వెళ్ళేసరికి పెట్టెల్లో పిండి ఉండలు పొంగి పొంగి ఒకదాని మీదొకటి పడి చతికిలబడి ఉన్నాయి. పుల్లటి వాసన. ఆమె కలిపిన పిండి, ఆమె చుట్టిన ఉండలు. వాటిని పారబోసే పని కూడా ఆమెకే పడింది. పారబోసింది. పెట్టెలు కడిగింది. మళ్ళీ పిండి కలిపింది. ఆ సంగతి ఇంట్లోగానీ వీధిలోగానీ ఎత్తలేదు.

కోడలిగా ఆ గడప తొక్కిన నాటి నుంచీ ఆ అంగట్లో పిండి ఒర్సొలాదే. ఉప్పు ఎంత, నీళ్ళు ఎంత, ఎండాకాలం ఎంతసేపు నానాలి, సముద్రం గాలి వీచిన రోజున ఎంతసేపు నానాలి, అన్నీ ఆమె చేతికి తెలుసు. అనియెల్లో ఆ ఉండల్ని పాలరాతి బల్ల మీద వేళ్ళతో చాచి పల్చగా చేస్తాడు, పైన టమాటా, జున్ను వేస్తాడు. ఆ పైన పొయ్యి. పొయ్యి అంటే పార, పిజ్జాని లోపలికి దించి బయటికి తీసే పొడుగు కాడ పలక. పార పట్టినవాడిదే పిజ్జా. తినేవాళ్ళు లేచి వెళ్తూ చెయ్యెత్తి పలకరించేది అతన్నే. పిండి కలిపిన మనిషి వెనకగదిలో ఉంటుంది. ఆ గదికి కిటికీ కూడా లేదు.

ఆడవాళ్ళకి పార ఎందుకివ్వరంటే ఆ ఇంట్లో కారణాలకి కొదవ లేదు. ఆడదాని చేతులు పొట్టి. సెగకి తట్టుకోలేదు. గిరాకీ నవ్వుకుంటుంది. ఇవేవీ చాలకపోతే, "మన ఇంట్లో అలా లేదు" అన్నది ఉండనే ఉంది. అదే మోంతెశాంతో పేట సందుల్లో గుమ్మానికో ఆడమనిషి కూర్చుని, సలసల మరిగే నూనెలో పిజ్జాలు వేయించి అమ్మి పిల్లల్ని సాకింది. ఆ నూనె ముందు ఆమె చేతులు పొట్టివని ఎవరికీ తోచలేదు. సెగ సంగతీ ఎవరికీ గుర్తు రాలేదు. ఆ పని మగవాడెవడూ అడగలేదు కనుక.

కొన్నేళ్ళకి మామగారు పోయాడు. అనియెల్లోకి పెత్తనం చేతకాదని అందరికీ తెలుసు కాబట్టి అంగడి సబాతీనో చేతికొచ్చింది. సబాతీనో చెడ్డవాడేం కాదు. నవ్వుతాడు, నవ్విస్తాడు, వదిన వండిన చిక్కుడు గింజల పులుసంటే పడిచస్తాడు. కాకపోతే అంగడిని తండ్రి ఎలా వదిలాడో అలాగే ఉంచడం తన ధర్మమనుకున్నాడు.

ఈ వసంతంలో కతెల్లో ఇక తన వల్ల కాదని చెప్పేశాడు. సలెర్నోలో కూతురి దగ్గర ఉంటానన్నాడు. సబాతీనో కొత్త మనిషి కోసం నలుగురికీ చెప్పి పెట్టాడు. ఆ మాట వెనకగదికి చేరిన పూట, ఒర్సొలా ఏప్రన్‌తోనే బయటికొచ్చి, గల్లాపెట్టె దగ్గర నిలబడి, మనిషిని వెతకొద్దు, నేనున్నానుగా అంది.

సబాతీనో మొదట నవ్వాడు. వదిన నవ్వకపోయేసరికి ఆపేశాడు. కాసేపు గడ్డం గోక్కుని, తనకు తోచిన మర్యాదైన దారి తొక్కాడు.

"ముందు ఇంట్లో ఒకటి కాల్చి పెట్టు వదినా. ఆదివారం మేమంతా వస్తాం. అది చిరక్కుండా, ముడుచుకోకుండా బయటికొస్తే అప్పుడు మాట్లాడుకుందాం."

"రాకపోతే?"

"రాకపోతే మళ్ళీ ఈ ఊసెత్తకు."

సరేనంది ఒర్సొలా.

అనడమైతే అంది. ఇంటికి పోయి చూసుకుంటే పార లేదు. పక్కనే అంగడి పెట్టుకుని ఇంట్లో పిజ్జా కాల్చుకునే మనిషి ఆ పేటలో ఎవరుంటారు? కూతురు ఇవానా పోయినేడు కొనిపెట్టిన చిన్న కరెంటు ఓవెన్ ఉంది, అడుగున రాతి పలకతో. దాంట్లో ఇంతవరకూ వంకాయలు తప్ప ఏవీ కాల్చలేదు.

మర్నాడే స్టేషన్ దగ్గర అంగళ్ళవాళ్ళకి సామాన్లమ్మే పెద్ద కొట్టుకి వెళ్ళింది. గోడకి వరసగా పారలు ఆనించి ఉన్నాయి. రెండో ఆలోచన లేకుండా అచ్చం కతెల్లో చేతిలో ఉండేలాంటిదే తీసుకుంది. వెడల్పాటి అల్యూమినియం రేకు, దానికి చిల్లులు, మనిషిని మించిన పొడుగు కాడ. ఇన్నేళ్ళూ తనకివ్వనన్నది అదే కదా, మరి ఇంకోటి ఎందుకు కొంటుంది? దాన్ని నిలువుగా పట్టుకుని పిన్యాసెక్కా సంతలోంచి నడుస్తుంటే జనం పక్కకు తప్పుకున్నారు. ఏ పునీతుడి ఊరేగింపమ్మా, మాకు చెప్పలేదే అని చేపలమ్మేవాడు అడిగాడు. ఒర్సొలా తలెత్తుకునే నడిచింది.

ఇంటికొచ్చాక తెలిసింది. వాళ్ళది వీధిలోకే తలుపు తెరుచుకునే ఒంటిగది ఇల్లు. మంచం, బల్ల, పొయ్యి, పునీతుల పటాలు అన్నీ అందులోనే. ఓవెన్ వెనక గోడకి ఉంది. పార రేకు ఓవెన్ ముందుకి తెస్తే కాడ చివర మంచాన్ని పొడుస్తోంది. మంచం జరిపితే తలుపుకి తగులుతోంది. తలుపు తెరిస్తే కాడ కాస్తా వీధిలోకి పోయింది. స్కూటరు మీద వస్తున్నవాడు కీచుమని బ్రేకు వేసి, ఆమె పుట్టింటివాళ్ళందర్నీ పేరుపేరునా తలుచుకున్నాడు.

ఎదురింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తున్న దొన్నా తితీనా ఇదంతా చూస్తూనే ఉంది.

"ఇంకాస్త పొడుగుది తీసుకోవాల్సిందే ఒర్సొలా. మా ఇంట్లో కూర్చునే కాల్చుకునేదానివి" అంది.

ఒర్సొలా పట్టు వదల్లేదు. ఒక ఉండ చాచి, అంగట్లో చేసినట్టే బల్ల మీదే టమాటా, జున్ను వేసి, అంచు పట్టి పార మీదికి లాగింది. ఆ లాగడం ఆమె వెయ్యిసార్లు చూసింది గానీ ఒక్కసారీ చెయ్యలేదు. పిజ్జా కోడిగుడ్డు ఆకారంలో సాగింది. పోనీ అని వీధిలో నిలబడి పార లోపలికి తోసింది. రేకు ఓవెన్ నోటికన్నా వెడల్పు. అటు కొట్టుకుంది, ఇటు కొట్టుకుంది. పక్కకి వాల్చి దూర్చబోతే పిజ్జా జారి, ఓవెన్ తలుపు మీద పడి, సగానికి మడతపడింది. మాడు వాసన సందంతా కమ్మేసింది.

తితీనా లేచి వచ్చి చూసి, మడిచి కాల్చే కల్జోనే ఎవరడిగారు అంది. తర్వాత ఒర్సొలా ముఖం చూసి, తడిగుడ్డ తీసుకుని తనే ఓవెన్ తలుపు తుడిచింది.

"అది కతెల్లో నిలబడే చోటుకి చేసిన పార. నువ్వు నిలబడే చోటుకి కాదు" అంది, గుడ్డ పిండుతూ. "నీ చేతులు పొట్టివని వాళ్ళంటే నమ్మి, వాటికి ఇంత కర్ర అతికించుకొచ్చావు."

ఆ మాట ఒర్సొలాకి గుచ్చుకుంది. గుచ్చుకున్న చోటే ఒక ఆలోచన కదిలింది కూడా. మర్నాడు పొద్దున అట్టముక్క ఒకటి తీసుకుని ఓవెన్ నోటికి అడ్డంగా పెట్టి చూసింది. రాతి పలక కన్నా రెండు వేళ్ళు తగ్గించి కత్తిరించింది. ఎక్కడ నిలబడితే మోచెయ్యి వెనక బల్లకి తగలకుండా లాక్కోగలదో అక్కడ నిలబడి, మూర పొడుగు కాడ చాలని తేల్చుకుంది. రవికకు కొలత తీసినట్టు అట్టతోనే ఒక పార కత్తిరించి చంకలో పెట్టుకుంది. మూతగిన్నెలో నాలుగు పిండి ఉండలు పెట్టుకుని, సందు చివర దొన్ అర్మాందో ఇనుపసామాన్ల కొట్టుకి బయల్దేరింది.

అర్మాందో అట్టముక్క చూసి, అటకలన్నీ వెతికి, ఆ కొలతకి దగ్గరగా ఉన్నవి నాలుగు తీసి బల్ల మీద పెట్టాడు. నున్నటి అల్యూమినియంది ఒకటి, చిల్లులున్నది ఒకటి, వెదురు చెక్కది ఒకటి, బీచ్ అనే చెట్టు తెల్లటి చెక్కది ఒకటి. ఒర్సొలా మూతగిన్నె తెరిచి, ఆయన బల్ల తుడిచి, అక్కడే నాలుగు ఉండలూ చాచి, ఒక్కో పార మీద కాస్త సన్న రవ్వ చల్లి ఒక్కోటి వేసింది.

నేపుల్స్‌లో ఇలాంటిది జరుగుతుంటే మేకులు కొనడానికొచ్చినవాడు మేకులు కొనుక్కుని పోడు. చిల్లుల్లోంచి పొడి రాలిపోతుంది కనుక అది మాడి అడుగు చేదెక్కదు, అదే కొనమన్నాడొకాయన. చెక్క చెమట పీల్చుకుంటుంది కనుక పిండి అంటదు, చెక్కే మేలని తాళంచెవి చేయించుకోవడానికొచ్చినావిడ. చెక్క నీళ్ళు తాగి వంకర పోతుందని ఇంకొకాయన. ఇన్నేళ్ళు మీతో వేగిన మీ ఆవిడే వంకర పోలేదు, చెక్క పోతుందా అని ఆ తాళంచెవి ఆవిడ. వాదన ముదిరింది. ఒర్సొలా చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్ళు అలిసేదాకా ఆగి, ఒక్కో పారనీ ముందుకి వెనక్కి చిన్నగా కుదిపింది.

నున్నటి రేకు మీద పిండి పట్టేసింది. చిల్లులది కదిలింది గానీ ఒక పక్క ఆగింది. వెదురుది బాగానే జారింది, కానీ దాని అంచు మందం. దిగేచోట పిండి ముందు కొస కిందికి వాలి ముడతపడింది. బీచ్ చెక్క అంచు గోరంత పల్చగా చెక్కి ఉంది. దాని మీది పిండి చాప మీంచి పిల్లాడు జారినట్టు జారి బల్ల మీద దిగింది.

లోపలికి దించడానికి ఆ చెక్కది, లోపల తిప్పడానికీ బయటికి తియ్యడానికీ గుండ్రటి చిన్న ఇనప పార ఇంకొకటి అడిగి తీసుకుంది. చెక్కదాన్ని నీళ్ళలో నానెయ్యొద్దు, పొడిగుడ్డతో తుడిచి గోడకి వేలాడెయ్యమని అర్మాందో చెప్పాడు. మరి సందంతా చూసిన ఆ పొడుగుదో అని అడిగాడు. దాని మీద బట్టలారేసుకుంటున్నానంది ఒర్సొలా.

ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి రమ్మంటే తన మరిది కుటుంబం ఎంత ఆలస్యంగా వస్తుందో ఆమెకి తెలియంది కాదు. అయినా కంగారులో లెక్క తప్పింది. సందు మొదట్లో సబాతీనో గొంతు వినబడగానే ఉండ చాచి, చెక్కపార మీదే టమాటా, మొజారెల్లా, బేసిల్ ఆకులు అన్నీ సర్దేసింది. సబాతీనో సందు మొదట్లోనే ఒకరితో బంతాట గురించి మొదలుపెట్టాడు. తర్వాత తితీనా గుమ్మం దగ్గర ఆగి ఆవిడ మోకాళ్ళ సంగతి అడిగాడు. అతని భార్య, ఒర్సొలా అత్తగారు, ఆ వెనక ఇవానా, ఒక్కొక్కరూ ముద్దులు పెట్టుకుని కోట్లు విప్పేసరికి పిజ్జా పార మీద కూర్చుని కూర్చుని టమాటా నీళ్ళు అడుగుకి దిగాయి.

ఒర్సొలా పార ఎత్తి కుదిపింది. పిజ్జా కదల్లేదు.

సబాతీనో కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అనియెల్లో లేచి రాబోయాడు. కూర్చోమని చేత్తోనే సైగ చేసింది. పిండి తెలిసిన చేతులు ఆమెవి. వెడల్పు కత్తితో అంచు పైకి లేపి, కింద ఇంత రవ్వ చల్లి, వంగి ఆ సందులోకి గట్టిగా ఊదింది. పార తిప్పింది. రెండో వైపూ ఊదింది. మళ్ళీ కుదిపింది. ఈసారి పిజ్జా మొత్తం బద్ధకంగా కదిలింది. ఓవెన్ తెరిచి, పలక వెనక అంచుకి పార ఆనించి, ఒక్క గుంజున వెనక్కి లాక్కుంది.

పిజ్జా పలక మీద దిగింది. చిరగలేదు, మడతపడలేదు. గుండ్రంగా మాత్రం లేదు.

అంచులు పొంగి, అక్కడక్కడ నల్లమచ్చలు పడ్డాక గుండ్రటి పారతో తీసి బల్ల మీద పెట్టింది. సబాతీనో తల ఇటు వాల్చి అటు వాల్చి చూశాడు.

"ఇది ఇస్కియా దీవిలా ఉంది వదినా" అన్నాడు.

"రేవు ఎటుందో చూసుకుని కొరుకు" అంది ఒర్సొలా.

కొరికాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. రెండోది, మూడోది గుండ్రంగానే వచ్చాయి, అవీ అయిపోయాయి. అత్తగారు అంచులు కూడా వదలకుండా తినడం అందరూ చూశారు. అప్పుడు సబాతీనో మూతి తుడుచుకుని, రుచికేం, పిండి నీదే కదా అన్నాడు. కానీ ఇది కరెంటు ఓవెననీ, కట్టెల పొయ్యి వేరనీ అన్నాడు.

ఒర్సొలా పార గోడకి తగిలించి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"వేరే. కాదనను. కతెల్లో మన దగ్గర చేరకముందు ఏం చేసేవాడు?"

"స్టేషన్లో మూటలు మోసేవాడు."

"చేరిన కొత్తల్లో ఎన్ని మాడ్చాడో నీకు గుర్తుందో లేదో. ఆ మాడు గీకి పారేసింది నేను. ముందు మీ ఇంట్లో ఒకటి కాల్చి చూపించు అని అతన్ని ఎవరైనా అడిగారా?"

సబాతీనో అన్నకేసి చూశాడు. ఇలాంటి వేళల్లో అనియెల్లో తలదించుకుని రొట్టెముక్కలు ఏరుకుంటాడని అతని లెక్క. అనియెల్లో తలదించుకునే ఉన్నాడు, కానీ మాట్లాడాడు.

"ఆ రోజు షట్టరు లాగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. ఈసారి నువ్వూ ఆవిడ వైపు చూడకుండా వీధి వైపు చూస్తే, నేనూ అంగట్లో బల్ల దగ్గరికి రాను తమ్ముడూ."

ఒర్సొలా భర్త వైపు చూసింది. ఆ మాట వస్తుందని ఆమె అనుకోలేదు. తర్వాత, పొయ్యి దగ్గర చోటు లేకపోతే రేపటి నుంచి పిండి దగ్గరా తాను ఉండనని చెప్పింది. బెదిరించడం కాదు, వెనకగది ఇక చాలనిపించిందంది.

సబాతీనో గ్లాసు పక్కకి జరిపాడు. కొత్తగా మాట్లాడుకున్న మనిషికి మాటిచ్చేశాననీ, అతనూ ఉంటాడనీ, సోమవారాలు గిరాకీ తక్కువ కనుక సోమవారాలు మొదలుపెట్టమనీ అన్నాడు.

"సోమవారాలే కానీ. పార మాత్రం నేనే ఎంచుకుంటాను" అంది ఒర్సొలా.

అంగట్లో కట్టెల పొయ్యి ముందు నిలబడి, ఎక్కడ నిలబడితే చెయ్యి లోపలి మూల దాకా అందుతుందో చూసుకుని, ఆ కొలతకే పారకి కాడ వేయించుకుంది. కతెల్లో కాడకన్నా జానెడు పొట్టి. మొదటి సోమవారం మొదటి పిజ్జా ఒకవైపు మాడింది. దాన్ని ఆమె తీసి పక్కన పెట్టి, తలకి గుడ్డ బిగించి కట్టుకుని, రెండోది దించింది. సాయంత్రం గడిచేకొద్దీ తిప్పడం చేతికొచ్చింది. కతెల్లో ఏడీ అని పాత గిరాకీ ఒకాయన గుమ్మంలోంచి అరిచాడు. పొయ్యి దగ్గర మా వదిన ఉంది, కూర్చో అని సబాతీనో అంతకన్నా గట్టిగా అరిచాడు. ఆయన కూర్చున్నాడు. తిన్నాడు. వెళ్తూ వెళ్తూ పొయ్యి వైపు చెయ్యెత్తాడు.

ఇప్పుడు గురువారాలు కూడా ఆమెవే. మిగతా రోజులు కావాలని అడుగుతూనే ఉంది. వెనకగదికి కిటికీ పెట్టించమని కూడా అడిగింది. సబాతీనో తాపీమేస్త్రీని పిలిపిస్తానన్నాడు, ఇంకా పిలిపించలేదు. ఆమె ఊరుకోదు.

ఇది చదివినవాళ్ళు ఒక పని చెయ్యండి. ఈ వారం మీ వీధిలో టిఫిను తినే చోట వెనక్కి తొంగిచూడండి. పప్పు నానబోసి, రుబ్బి, పిండి పులియబెట్టేది ఎవరు? ముందుకొచ్చి పెనం దగ్గర నిలబడి, మాస్టారనిపించుకునేది ఎవరు? వెనక ఉన్నావిడ పేరడిగి తెలుసుకోండి. ఆవిడకి పెనం దగ్గర నిలబడాలని ఉందో లేదో ఆవిడనే అడగండి. ఉందంటే యజమానికి చెప్పండి, వారానికి ఒక్క పూటైనా ఇవ్వమని. కుదరదంటే ఎందుకు కుదరదో పదిమందిలో అడగండి. ఆ యజమాని మీరే అయితే, ఎవర్నీ అడగక్కర్లేదు. పొయ్యి గట్టు ఆవిడ ఎత్తుకి సరిపోతుందో లేదో చూసి, సరిపోకపోతే గట్టు మార్చండి.